నాలుగు కుప్పల చింతచిగురు

పైడితల్లి చింతచిగురును నాలుగు కుప్పలుగా పంచుతోంది. కందిపప్పుతో ఉడికేది ఆకుపంక్తికి, నేతి తాలింపు పడేది పాలపంక్తికి, పొరటులో కలిపేది గుడ్డుపంక్తికి, రొయ్యలతో వండేది నీటిపంక్తికి. మేడమీది చెట్టు ఒక్కటే, వంటశాల మాత్రం పంక్తికొకటి. చివర్లో ఆమె రంగుముద్రలు వేశాక ఒక శాల చిగురు ఇంకో శాల గడప తొక్కదు. చిగురు మోసుకెళ్ళినవాళ్ళు అది వండిన శాలలోనే ఆ పూట భోంచేయాలి.

ఆమె ఈ వాడకు పంక్తికర్త. ఎవరి ఒంటికి ఏది పడుతుందో నెత్తుటిసూది చెబుతుంది, ఆమె ఆ రంగు కడియం తొడుగుతుంది. ఈ పద్ధతి వచ్చాక వాడలో ఆకలి మాట వినబడలేదు. ఆ పనంటే ఆమెకు ఇష్టం.

అత్త సింహాద్రమ్మ ఎదురుగా పీట మీద కూర్చుని చేయి చాపింది. మామ జబ్బుపడి లేచాక, పోయిన నెలలో, ఆయన్ని ఆకుపంక్తికి మార్చింది పైడితల్లే.

"నన్నూ ఆకులోకి మార్చెయ్యే."

"సేపంటే నీకు పేనం కదత్తా! ముల్లు కూడా వదలవు."

"సేపకేటి, ఎప్పుడైనా తినొచ్చు. ఉప్పు సాలకపోతే మీ మావ నోరిప్పి అడగడే. నా మొకంకేసి సూత్తాడు, అంతే. ఇప్పుడెవుల మొకం సూత్తన్నాడో!"

సూది వేలిని తాకింది. గోడ మీద నీలిరంగు వెలిగింది. నీటిపంక్తి. మార్పు చెల్లదు.

"ఒప్పుకోలేదత్తా."

"మొగుడి పక్కన కూకోడానికి నెత్తురు సెలవియ్యాలేటే? మనువాడినప్పుడు దాన్నెవులూ అడగనేదు!"

పైడితల్లికి నవ్వాగలేదు. అత్త నవ్వలేదు. వెంట తెచ్చుకున్న కంచాన్ని ఒళ్ళో పెట్టుకుని దాని అంచును కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. ఆవిడ అన్నం సగం వదిలేస్తోందని వడ్డనయంత్రం నెల్లాళ్ళుగా చెబుతూనే ఉంది. అరగడం లేదనుకుని పైడితల్లి రోజూ అల్లం మాత్రలు ఇస్తూ వచ్చింది.

ఆమె కుప్పలవైపు చూసింది. ముద్రలేని సరుకు వస్తే దాన్ని అందరి ఒంటికీ పడే వంట చేసే శాలలోనే వండాలి. అంటే ఆకుశాలలో. అలాంటి బుట్ట ఇంతవరకూ ఏ ఇంటి నుంచీ బయల్దేరలేదు. ఒకటి బయల్దేరితే రేపు వాడంతా అలాంటివే బయల్దేరతాయి.

రెండు చేతులతోనూ నాలుగు కుప్పల్నీ ఒకే బుట్టలోకి ఊడ్చేసింది.

"ముద్ర వేయండి," అంది గోడ.

పైడితల్లి బుట్టను అత్త ఒళ్ళో, కంచం మీద పెట్టింది.

"ముద్ర వేయండి."

సింహాద్రమ్మ బుట్టకేసీ కోడలికేసీ మార్చి మార్చి చూసింది. లేచి, కంచం చంకన పెట్టుకుని, బుట్ట నెత్తిన ఎత్తుకుని, గడప దాటి ఆకుశాల దారి పట్టింది.