మూగ గుండం

అంతర్వేది దగ్గర సముద్రం ఆ ఉదయం ఒక శవాన్ని ఒడ్డుకు తెచ్చింది.

చేతి గడియారం ఇంకా నడుస్తూనే ఉంది. చొక్కా గుండీలన్నీ పెట్టే ఉన్నాయి. ఒంటి మీద గాయం లేదు. ప్రమాదవశాత్తూ మునిగిపోయాడని పోలీసులు రాసుకున్నారు. పోస్టుమార్టం చేసిన డాక్టరు మాత్రం చివర్లో ఒక వాక్యం చేర్చాడు: ఊపిరితిత్తుల నిండా నీళ్లున్నాయి, ఆ నీళ్లలో ఉప్పు లేదు.

మూడో రోజుకి ఆ రిపోర్టు మద్రాసులో, బోర్డు లేని ఒక ఆఫీసులో, చీఫ్ బల్ల మీదికి చేరింది.

"సముద్రంలో దొరికినవాడు మంచినీళ్లలో మునిగి చచ్చాడు," అన్నాడు చీఫ్. "ఏమంటావ్, నలభై ఒకటీ?"

"ఏ తొట్టిలోనో ముంచి చంపి, తీసుకెళ్లి సముద్రంలో పారేశారు సార్."

"కరెక్ట్. వాడు మన బాపిరాజు. రాజోలు దగ్గర చమురు వెతికే క్యాంపులో స్టోర్ క్లర్కు వేషంలో ఉన్నాడు. ఆ క్యాంపు నుంచి సర్వే టేపుల కాపీలు పోయాయి. మన సముద్రం అడుగున ఎక్కడేముందో మొత్తం అందులో ఉంది. లైట్ ఆర్పు."

ప్రొజెక్టర్ వెలిగింది. గోడ మీద ఒక సరస్సు. అందమైన కొండలు, కింద చచ్చిపడి ఉన్న ఆవులు.

"కామెరూన్‌లో న్యోస్ సరస్సు. మొన్న ఆగస్టులో దాని అడుగు నుంచి గాలి లేచింది. పదిహేడు వందల మంది పోయారు. చాలామంది నిద్రలోంచి లేవనే లేదు." స్లైడ్ మారింది. "నార్వేలో ఒక జలసంధి. రోజుకు నాలుగుసార్లు సుడి తిరుగుతుంది. ఇది డొమినికా, మరిగే సరస్సు. ఇది ఎర్రసముద్రం ఒడ్డున నీలి బిలం. దిగిన డైవర్లు చాలామంది పైకి రాలేదు. ఇవన్నీ ఒకే టీమ్ తీసిన ఫొటోలు. లోకంలోని భయంకరమైన నీళ్ల గురించి పుస్తకం వేస్తున్నారట. వాళ్లు వెళ్లిన చోట్ల మూడు దేశాల రహస్యాలు మాయమయ్యాయి. ఎలా?"

నలభై ఒకటి ఆ స్లైడ్‌నే చూస్తూ అన్నాడు: "అలాంటి నీళ్ల దగ్గర ఎవరూ కాపలా పెట్టరు సార్. ఆ నీళ్లే కాపలా అనుకుంటారు."

చివరి స్లైడ్ పడింది. కొబ్బరి చెట్ల వెనక అద్దంలా పరుచుకున్న నీరు.

"మూగ గుండం," అన్నాడు నలభై ఒకటి.

"నీ ఊరి పక్కదే. ఆగస్టు వరదకి నది సముద్రంలో కలిసే మొగ అంతా మారిపోయింది. చార్టులు చెత్తబుట్టకే. ఆ నీటిని చూసి చదవగలిగినవాడు ఈ డిపార్ట్‌మెంటులో నువ్వొక్కడివే." చీఫ్ లైటు వేశాడు. "ఒక్కటే రూలు. నువ్వు ఊరిని చూడొచ్చు. ఊరు నిన్ను చూడకూడదు."

అతని అసలు పేరు ఏసుపాదం. ఆ పేరుతో అతన్ని ఎవరైనా పిలిచి పన్నెండేళ్లయింది. డెబ్బై నాలుగులో ఒక సరుకుల ఓడ మునిగింది. మృతుల జాబితాలో డిపార్ట్‌మెంటు అతని పేరు చేర్చింది. ఇంటికి టెలిగ్రాం వెళ్లింది. ఆ మర్నాటి నుంచి అతనొక నంబరు.

నవంబరు మొదటి వారంలో అతను అంతర్వేదిలో బస్సు దిగాడు. ఇప్పుడతను నెల్లూరు కామరాజు, ఫొటో టీముకు ప్రభుత్వం ఇచ్చిన గైడు. గడ్డం పెరిగింది. దవడల్లో రబ్బరు ముక్కలు ముఖాన్ని గుండ్రంగా చేశాయి. నల్లకళ్లద్దాల అంచున వెనక నడిచేవాళ్లు కనబడే చిన్న అద్దాలున్నాయి. భుజాన వేలాడే ట్రాన్సిస్టర్‌లో వివిధభారతి వస్తుంది. మీట రెండుసార్లు నొక్కితే చీఫ్ వస్తాడు.

కొబ్బరి చెట్ల మొదళ్ల మీద నిలువెత్తున వరద గీసిన బురద గీత ఇంకా అలాగే ఉంది. ఇళ్లుండాల్సిన చోట ఇసుక మేటలు. ప్రతి మలుపూ తెలిసిన మలుపే, ఒక్క మనిషినీ పలకరించడానికి లేదు. ఎవరో ఎవర్నో "ఒరే" అని పిలిస్తే రెండుసార్లు తల తిప్పబోయి ఆగాడు.

టీముకు నాయకుడు హెల్మన్. పొడుగ్గా, ఎర్రగా, నవ్వని మనిషి. ఫొటోగ్రాఫర్ పేరు ఇసబెల్. ఆమె రేవులోకి దిగితే జనాన్ని నది దాటించే పంటు మీద పడవవాళ్లు కూడా గడ వెయ్యడం మరిచిపోయేవారు. మొదటి సాయంత్రం టీము దిగిన బంగళా వరండాలో సిగరెట్ వెలిగించుకుంటూ అతనితో ఇంగ్లీషులో అంది:

"ఇక్కడి సముద్రం తియ్యగా ఉంటుందా?"

"ఆదివారాల్లో మాత్రమే."

కోడ్ సరిపోయింది. టీములో ఉంటూ చీఫ్‌కు రహస్యంగా కబుర్లు అందించేది ఆమే. ఆమె గొంతు తగ్గించింది. "బాపిరాజు నాతో కలిసి పనిచేశాడు. హెల్మన్ వాణ్ని స్నానాలగది తొట్టిలో చంపాడు. టేపులు స్టీలు గొట్టంలో ఉన్నాయి. ఎల్లుండి ఉదయం పదకొండు నలభైకి గుండం దాటి, అవతలి పాయలో ఒక ట్రాలర్‌కు అందిస్తాడు."

"గుండం దాటడమా?"

"నీరు మళ్లే వేళ అది పావుగంట నిద్రపోతుందట కదా."

నిజమే. మూగ గుండానికి చప్పుడు ఉండదు. నురగ ఉండదు. పైన ఆకు వేస్తే ఆకు కదలదు, ఉన్నట్టుండి కనబడదు. పోటు నిలిచి ఆటు మొదలయ్యే సందులో మాత్రం కాస్త ఊపిరి పీలుస్తుంది. ఆ సమయం ఎంతో ఏ పుస్తకంలోనూ సరిగ్గా ఉండదు. చిన్నప్పుడు తండ్రి అతనికి నేర్పిందదే.

మర్నాడు నీటిని చదవడానికి అతను పల్లిపాలెం రేవుకు వెళ్లాడు. తాటాకు పాకలో టీ అడిగాడు. గ్లాసు అందించిన చెయ్యి చూసి తల ఎత్తలేకపోయాడు. మణికట్టు మీద కాలిన మచ్చ. ఎగువన తమ ఊళ్లో ఉండాల్సిన అతని అక్క సువార్తమ్మ ఇక్కడుంది. డిపార్ట్‌మెంటు ఫైలుకు వరద సంగతి తెలుసు గాని, వరద ఎవర్ని ఎక్కడికి నెట్టిందో తెలీదు.

"ఏ ఊరండి తమది?"

"నెల్లూరమ్మా."

"అబ్బో, అంత దూరం నించి వచ్చేరా! ఆ గుండం జోలికి మాత్రం పోకండే. నీళ్లని నమ్మకూడదండి. మా తమ్ముడు సముద్రంలోనే పోయేడు."

"అట్నా," అన్నాడు నెల్లూరు యాసలో. గ్లాసు పెదాలకు అడ్డం పెట్టుకున్నాడు.

"పన్నెండేళ్లయిందండి. శవం కూడా దొరకలేదాయె. ప్రార్థన చేసి ఉత్త పెట్టే పాతేం. ఏటా నవంబర్లో సున్నం వేయించి కొవ్వొత్తి పెట్టేదాన్ని. మొన్న వరదకి ఇల్లూ పోయింది, ఆ సమాధీ పోయింది. ఇల్లు పోతే మళ్లీ కట్టుకోవచ్చండి. ఇప్పుడా కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలో తెలీటం లేదు."

అతను టీ ఒక్క గుక్కలో తాగేశాడు. నోరు కాలింది. గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. ఆ రోజంతా ఇసుక తిన్నె మీద కూర్చుని నీటిని చూశాడు. వరద గుండాన్ని ఇంకా లోతుగా తవ్వింది. అది నిద్రపోయేది ఇప్పుడు పావుగంట కాదు. ఎనిమిది నిమిషాలే.

మూడో రోజు ఉదయం నేవీ లాంచి ఇసుక దిబ్బ వెనక దాగి ఉంది. గుండానికి ఎదురుగా తన పొజిషన్‌కు వెళ్తూ అతను పాక ముందు ఆగాడు. ఆగనక్కర్లేదు. అయినా ఆగాడు. పదకొండు ఇరవై. సంతకెళ్లే జనంతో పంటు అప్పుడే ఒడ్డు విడిచింది. రెండు పడవలు జోడించి బల్లలు పరిచిన పంటు, దాని మీద నూట ఇరవై మంది, బుట్టలు, సైకిళ్లు, ఒక గేదె.

"మీ దొరసాని భలే మనిషండి," అంది సువార్తమ్మ. "పొద్దున్నే నల్ల కెమెరా పట్టుకుని పంటు కిందికి ఈదుకెళ్లింది. పైకొచ్చేక చూస్తే చేతిలో కెమెరా లేదు. పడిపోయిందామ్మా అంటే నవ్వేసిందండి."

అది కెమెరా కాదు, పంటుకు అంటించిన బాంబు. పదకొండు నలభైకి అది పేలుతుంది. ఒడ్డున గోల. నేవీ కళ్లన్నీ అటు. ఆ సందడిలో హెల్మన్ గుండం దాటేస్తాడు.

మీట రెండుసార్లు నొక్కాడు. "సార్, పంటు కింద మైన్ ఉంది. పదకొండు నలభై. లాంచిని పంపండి."

"వద్దు. లాంచి కదిలితే హెల్మన్ వెనక్కి పోతాడు. నీ పని టేపులు."

"నూట ఇరవై మంది సార్."

"ఇది ఆర్డర్, నలభై ఒకటీ."

అతను ట్రాన్సిస్టర్ కట్టేశాడు. పన్నెండేళ్లలో అదే మొదటిసారి.

"అమ్మా, పడవ కావాల. అర్జెంటు."

ఆమె అతని ముఖం చూసి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "నాదే ఉందండి. మా నాన్న పడవ సరంగు. తెడ్డు వెయ్యడం నాకూ వచ్చు." కొంగు నడుముకు బిగించి పడవ తోసింది.

పంటును అందుకునేసరికి పదకొండు ముప్ఫై ఒకటి. అతను కళ్లద్దాలు, చొక్కా తీసేసి దూకాడు. బురద నీళ్లలో ఏమీ కనబడలేదు. పంటు అడుగున తాపడం చేసిన ఇనపరేకుల వెంట చేతులతో తడుముకుంటూ పోయాడు. మూడో రేకు మీద నల్ల పెట్టె, అయస్కాంతంతో కరుచుకుని ఉంది. చాకు మొన దూర్చి మెలిపెట్టాడు. ఊపిరి అయిపోయింది. పైకొచ్చాడు, మళ్లీ దిగాడు. రెండోసారికి ఊడొచ్చింది. దవడల్లోని రబ్బరు ముక్కలు ఎప్పుడో నీళ్లలో పోయాయి.

పడవలోకి ఎక్కేసరికి ముప్ఫై ఐదు. వరద ఇసుకతో నది మేట వేసుకుపోయింది. ఎక్కడ చూసినా ఛాతీ లోతే. ఇక్కడ వదిలితే పంటు ముక్కలవుతుంది. లోతున్న చోటు ఒక్కటే. మూడు వందల గజాల దిగువన అద్దంలా మెరుస్తూ ఉంది.

నీరు సముద్రం వైపు తియ్యడం మొదలైంది. పడవ దానంతటదే దిగువకు జారింది.

"గుండం లేస్తందండి," అంది ఆమె. తెడ్డు మాత్రం ఆపలేదు.

"అక్కా, కుడికి వెయ్యి! కుడికి!"

నెల్లూరు యాస లేదు. 'అమ్మా' అన్న పిలుపూ లేదు. ఆ మాట నోటి నుంచి వచ్చేశాక అతనికి తెలిసింది. సువార్తమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. తెడ్డు కుడికి వేసింది.

అవతలి అంచున రబ్బరు పడవ కనబడింది. మోటారు ఆపి, అలికిడి లేకుండా తెడ్లు వేస్తున్నాడు హెల్మన్, ఎదురుగా ఇసబెల్. అతని చేతిలో అచ్చేసిన పోటుపాట్ల పట్టిక ఉంది. అందులో గుండానికి ఇంకా ఆరు నిమిషాల నిద్ర ఉంది. అది వరదకు ముందు అచ్చేసిన పట్టిక.

ఏసుపాదం పడవలోని కూర్చునే బల్ల ఊడబీకాడు. పెట్టెను దాని మీద పెట్టి గుండం మీదికి తోశాడు. బల్ల మెల్లగా ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు వేగంగా తిరిగింది. మూడో చుట్టులో నీళ్ల మీద ఏమీ లేదు.

ఇద్దరూ చెరో తెడ్డు అందుకుని ప్రవాహానికి ఎదురు వేశారు. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది.

హెల్మన్ ఏదో అరిచాడు. రబ్బరు పడవ పక్కకు తిరగడం మొదలైంది.

మూగ గుండం ఆ ఒక్కసారే నోరు తెరిచింది. కొబ్బరి చెట్లంత ఎత్తున నీరు లేచింది. ఎగువన పంటు ఊగింది, గేదె నీళ్లలోకి దూకింది, మనుషులు మాత్రం బల్లల మీదే ఉన్నారు. నీరు మళ్లీ పడ్డాక రబ్బరు పడవ లేదు. హెల్మన్ లేడు. ఒంటిచేత్తో ఎవరో ఈదుకుంటూ వస్తున్నారు. ఇసబెల్. రెండో చేతిలో స్టీలు గొట్టం.

అతను తెడ్డు చాచాడు. ఆమె పడవ అంచు పట్టుకుని, దగ్గి, తడిసిన జుట్టులోంచి నవ్వింది.

"నేను మొదట్నుంచీ మీ మనిషినే."

"మరి పంటు?"

"అది మీరు అడగలేదు."

పేలుడుకు బయల్దేరిన లాంచి పాయ మొగలో ట్రాలర్‌ను పట్టుకుంది. తర్వాత ఇసబెల్‌నూ గొట్టాన్నీ ఎక్కించుకుంది. "వెంటనే నువ్వూ ఎక్కు," అని రేడియోలో చీఫ్ గొంతు. "ఆర్డర్ ధిక్కరించిన సంగతి మద్రాసులో మాట్లాడదాం."

ఏసుపాదం పడవలో నిలబడ్డాడు. ఎదురుగా అక్క. గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి. దవడలు అతనివే. ఆమె చాలాసేపు చూసింది. లాంచిలో సెంట్రీ కూడా చూస్తున్నాడు. ఆమె అటొకసారి చూసింది.

"చలేస్తందేమో," అంది. కొంగు విప్పి, దాంతో అతని తల తుడవబోయి, ఆగి, తన చేతులే తుడుచుకుంది. "మళ్లీ ఇటేపు వస్తే టీ తాగి వెళ్లండి, కామరాజుగారూ."

"ఆయ్," అన్నాడు అతను. అది గోదావరి మాట, నెల్లూరుది కాదు.

లాంచి తిరిగింది. ఆమె తెడ్డు నీళ్లలో వేసి ఒడ్డు వైపు వెళ్లింది. ఆ ఏడు కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలని ఇక ఎవర్నీ అడగలేదు.

ఆ పేలుడుకు గుండంలోని పండుగప్ప చేపలన్నీ తేలి పల్లిపాలెం ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వారం రోజులు ఏ ఇంట చూసినా పులుసే. మందుగుండుతో చేపలు పట్టిన నేరానికి నెల్లూరు కామరాజు అనే వ్యక్తి మీద కేసు పెట్టారు. సాక్షిగా పిలిస్తే సువార్తమ్మ, "చేపలు పట్టేవాడిలా లేడండి, ఒక్కటి కూడా తినకుండా వెళ్లిపోయేడు," అని చెప్పింది. ముద్దాయి ఇప్పటికీ పరారీలో ఉన్నాడు.