ఖరీదైన అద్దం

పొద్దున్నే, పొయ్యి మీద పాలు పొంగకముందే ఆ ఇంట్లో లారీ స్టార్టయింది. నిజం లారీ కాదు లెండి. ముందుగదిలో బల్లకి బిగించిన ప్లాస్టిక్ స్టీరింగు, కింద పెడల్సు, కంప్యూటరు తెర మీద పొడుగాటి ట్రైలరు. స్టీరింగు వెనక కళ్ళజోడు సర్దుకుంటూ డ్రైవరు. ఆయన నిజం బండి దిగి తొమ్మిదేళ్ళయింది. అయినా వీధిలో వాళ్ళు ఇప్పటికీ డ్రైవరుగారనే పిలుస్తారు.

"ఏమండీ, మీ బండి వంటింటి దాకా వచ్చేలోపు టీ తాగుతారా? ఇక్కడ టోలు కట్టాలి మరి," అంది భార్య. ఇంట్లోనే మిషను పెట్టుకుని కుడుతుంది కాబట్టి ఆవిణ్ణి అందరూ టైలరమ్మ అంటారు.

"ఉండవే, వెనక్కి తీస్తున్నాను."

"రోజూ వెనక్కి తీయడమేనా? ముందుకెళ్ళే ఉద్దేశం ఉందా లేదా?"

ఆయన చూపు తెర మీదే ఉంది. ఆవిడ నవ్వుకుంటూ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళింది. గోడౌను గేటు దగ్గర కూర్చునే ఉద్యోగం కూడా మానేశాక, మనిషి కిటికీలోంచి వీధిని చూస్తూ కృశించిపోతున్నాడని కూతురే ఈ లారీ ఆట పెట్టింది. ఆ పిల్ల ఒక కాంట్రాక్టరు ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. కంప్యూటరు కూడా తనదే.

తల తుడుచుకుంటూ వచ్చిన కూతురు, తెర చూసి ఆగిపోయింది. తర్వాత వంగి కంప్యూటరు పెట్టెలోకి చూసింది. లోపల ఇటుకంత నల్లటి కొత్త గ్రాఫిక్స్ కార్డు, దాని ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

"నాన్నా! ఇదెక్కడిది?"

"నిన్న మీరిద్దరూ లేనప్పుడు షాపువాడొచ్చి బిగించి వెళ్ళాడు."

"షాపులో అన్నిటికన్నా పైది కదా ఇది! మధ్యరకం చాలు నాన్నా అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. పైదానికీ దానికీ ధరలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా, ఆటలో మాత్రం గడ్డిపరకలు నాలుగు ఎక్కువ కనపడతాయి, అంతే. మా ఆఫీసులో కూడా లేదు ఇలాంటిది."

"గడ్డి కోసం కాదమ్మా. అద్దాల కోసం. లారీ అద్దాల్లో కనిపించేదంతా కార్డు ఇంకోసారి గీయాలి, దానికి అదే భారమని నువ్వే చెప్పావుగా. పాతదాంట్లో అద్దం మసక."

"ఎంతే అది?" వంటింట్లోంచి టైలరమ్మ అడిగింది.

కూతురు చెప్పలేక చెప్పింది. వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"డిపాజిట్టు తీశారా?"

"ఊఁ."

"నాకొక్క మాట చెప్పకుండా?"

"చెబితే ఒప్పుకోవుగా."

"ఎందుకొప్పుకుంటాను! పిచ్చి ముదిరింది రోకలి తలకి చుట్టమన్నాట్ట వెనకటికెవడో. ఈ వయసులో బొమ్మలాటకి అంత డబ్బా? కడుపు కట్టుకుని దాచామండీ అది! గోడకి కొట్టిన సున్నం తిరిగొస్తుందా?" ఆవిడ గొంతు పెరిగి పెరిగి అంతలోనే తగ్గింది. "ఈ నెల గడువు తీరగానే మిమ్మల్ని అడుగుదామనుకున్నాను. మా తమ్ముడికి మంచి పెట్టుడు కాలు వచ్చేదండీ ఆ డబ్బుతో."

డ్రైవరు చెయ్యి స్టీరింగు మీదే బిగుసుకుపోయింది.

టైలరమ్మ తమ్ముడు నలభై దాటినా ఇంట్లో వాళ్ళకి చిన్నోడే. బావ లారీ మీద క్లీనరుగా ఉండేవాడు. ఒక మిల్లు యార్డులో బావ ట్రైలరు వెనక్కి తీస్తుంటే చిన్నోడి కాలు మోకాలి కింద నుంచి పోయింది. లారీ యజమాని ఏదో సర్దుబాటు చేశాడు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ రోజుతో బావ స్టీరింగు వదిలేశాడు, బావమరిది ఇంటి గడప తొక్కడం కూడా వదిలేశాడు. నెలనెలా భార్య చేతికి ఎంతో కొంత ఇచ్చి పంపిస్తాడు. ఆ విషయం ఎవరైనా ఎత్తితే లేచి బయటికి వెళ్ళిపోతాడు.

ఈసారి లేవలేదు.

"ఇలా రండి ఇద్దరూ," అన్నాడు. "ఒక్కసారి చూడండి."

తెర మీద యార్డు. చివర సరుకు దించే గట్టు, దాని మూల పసుప్పచ్చ స్తంభం. "ఆ మిల్లు కూడా ఇలాగే ఉండేది. చిన్నోడు ఎప్పుడూ నా వైపు మూలనే నిలబడి చెయ్యి ఊపేవాడు. ఆ స్తంభం చిన్నోడనుకోండి."

ట్రైలరు మెల్లగా వెనక్కి నడిచింది. వంపు తిరిగింది. అద్దంలో పసుప్పచ్చ స్తంభం స్పష్టంగా, పక్కనే నిలబెట్టినట్టు కనపడుతోంది.

"పాత కార్డులో అది స్తంభమో నీడో తెలిసేది కాదు. ఆ వంపులో ఆ మూల ఎవడికీ కనపడదేమోనని ఒక ఆశ ఉండేది నాకు. అది తేల్చుకోవాలని కొన్నాను. ఇప్పుడు చూడు, చివరిదాకా కనపడుతూనే ఉంది." కళ్ళజోడు తీసేశాడు. "నేను చూడలేదు. చూసి ఉంటే వాడి కాలు ఉండేది."

రోజూ వెనక్కి తీస్తున్నాడని తను ఎగతాళి చేసింది దేనినో టైలరమ్మకి అప్పుడు తెలిసింది. కోపం ఎటు పోయిందో పోయింది. అలాగని జాలితో ఊరుకునే మనిషి కాదావిడ.

"ఇన్నేళ్ళూ అద్దంలో వెతికారు," అంది. "మనిషి రెండు వీధుల అవతలే ఉన్నాడు. ఒక్కసారైనా వాడి దగ్గరకి వెళ్ళారా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళనే?"

ఆవిడ ఫోను తీసి, "చిన్నోడా, ఉన్నపళంగా రా. మీ బావ నీతో మాట్లాడాలిట," అంది.

"బావా? నాతోనా? ఒంట్లో బాగానే ఉందా అక్కా?" అవతల గొంతు కంగారుపడింది.

చిన్నోడు కార్ల పార్కింగు దగ్గర టోకెన్లు ఇస్తాడు. పక్కవాడికి సంచీ అప్పగించి, కుంటుకుంటూ, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. గుమ్మంలో ఆగి బావని చూశాడు. జుట్టంతా నెరిసిపోయిందేమిటా అనుకున్నాడు. కూతురు, "కూర్చో మావయ్యా," అని కుర్చీ వేసి, జరిగింది చెప్పి, తెర మీద యార్డు చూపించింది.

చిన్నోడు స్తంభాన్ని చాలాసేపు చూశాడు.

"నేనా మూల లేను బావా."

"అదేంట్రా? నేను దిగి వచ్చేసరికి నువ్వు అక్కడే పడున్నావు."

"నువ్వు ఎంతకీ దిగలేదుగా! స్టీరింగు పట్టుకుని కొయ్యబారిపోయావు. హమాలీలు నన్ను లాగి, అటు నీడ ఉందని ఆ మూల పడుకోబెట్టారు. నేను దూరింది అవతలి వైపు. చక్రానికి చెక్కముక్క అడ్డం పడితే తీద్దామని వెళ్ళాను. 'ఆగు బావా' అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. రెప్పపాటులో అయిపోతుంది కదా అనుకున్నాను."

డ్రైవరు స్టీరింగు వదిలి ఇటు తిరిగాడు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?"

"నీకు తెలుసనుకున్నాను. నా తొందర వల్ల నీ స్టీరింగు పోయిందని కోపం పెట్టుకున్నావనుకున్నాను. అందుకే రావట్లేదనుకున్నాను." చిన్నోడు మొహం తుడుచుకున్నాడు. "నన్నడిగుంటే చెప్పేవాణ్ణి కదా బావా!"

రెండు వీధుల దూరం. నడిచి వెళ్ళి అడిగితే ఒక్క పైసా ఖర్చు లేదు. ఇద్దరూ ఒకరి కోపాన్ని ఇంకొకరు ఊహించుకుని, పండగల్లాంటి ఏళ్ళు మట్టిపాలు చేసుకున్నారు.

"తప్పు నాది కూడా ఉందిలేరా," అన్నాడు డ్రైవరు. "నువ్వు కనపడనప్పుడు బండి ఆపాలి. ఆపలేదు."

"ఉందిలే. ఇద్దరిదీ ఉంది."

కూతురు కళ్ళు తుడుచుకుంది. "సీలు తీశాక షాపువాడు వెనక్కి తీసుకోడు నాన్నా. బయట అమ్మితే కొంత పోయినా చాలా మటుకు వస్తుంది. తగ్గింది నేను వేస్తాను."

"అమ్మేయమ్మా. ఇవాళే అమ్మేయ్."

"అయ్యో, ఎందుకు? నాకీ కాలు అలవాటైపోయింది," అన్నాడు చిన్నోడు.

"నోర్ముయ్!" అంది టైలరమ్మ. "అలవాటైపోయిందిట! నెలకి రెండుసార్లు నాచేత మెత్తటి గుడ్డలు కుట్టించి తెప్పించుకునేది ఎవడ్రా?"

డ్రైవరు తలెత్తాడు. "గుడ్డలు ఎందుకు?"

చిన్నోడు కాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఆయన కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుని, బావమరిది ప్యాంటు అంచు పట్టుకున్నాడు.

"బావా, నువ్వు నా కాలు పట్టుకోవడమేంటి! నాకున్నదే ఒకటి," అని చిన్నోడు నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు. చిన్నోడు ఇక కాలు వెనక్కి లాక్కోవడం మానేశాడు.

డ్రైవరు పెట్టుడు కాలి పట్టీలు ఊడదీశాడు. లోపల మడతలు మడతలుగా గుడ్డ. దాని మీద ఎండిన నెత్తురు మరక. కింద చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా పచ్చిపుండు. వేలు తగలగానే చిన్నోడు పళ్ళు బిగించాడు.

"నొప్పిగా ఉంటుందారా?"

"ఉంటుంది బావా."

"ఎప్పట్నుంచి?"

చిన్నోడు అక్కవైపు చూశాడు. ఆవిడ మొహం తిప్పుకుంది.

"మొదట్నుంచీ," అన్నాడు.

డ్రైవరు ఆ మోకాలి మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.