చిన్న గుల్లల సాక్ష్యం

ఆ ఉదయం కూడా దీపం పచ్చగానే వెలిగింది. వేటకి బయల్దేరేముందు కడలిపేట జనం ఆకాశంకేసి చూడటం మానేసి ఇరవై ఏళ్లయింది. ఏరు సముద్రంలో కలిసే మొగలో నాటిన గుల్లసాక్షి పెట్టె మీది దీపం కేసే చూస్తారు. ఆ పెట్టెలో నూరు బతికున్న గుల్లలుంటాయి. ఒక్కో చిప్ప రోజుకెంత పెరిగిందో యంత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా కొలుస్తుంది. నీళ్లలో విషం కలిస్తే గుల్ల ఎదగదు. దీపం ఎర్రబడుతుంది, ఫ్యాక్టరీ తూము మూసుకుపోతుంది, ఏట్లో వేటా ఆగిపోతుంది. మనిషి అబద్ధమాడొచ్చు గానీ గుల్ల ఆడదని దాన్ని కనిపెట్టినవాళ్ల ధీమా.

మరి పచ్చదీపం కింద పిల్లల చేతులెందుకు వణుకుతున్నాయి? అది తేల్చడానికే అధికారిణి ప్రవల్లిక వచ్చింది. ఆ పెట్టెలో గుల్లల్ని సాకే మసేనమ్మకి కావలసిందీ ఆ జవాబే. ఆమె అయిదేళ్ల మనవరాలు చెంచా కూడా పట్టుకోలేకపోతోంది.

"యంత్రం బాగానే ఉంది. మీరు రోజూ ఏం చేస్తారో చెప్పండమ్మా," అంది ప్రవల్లిక.

"ఏటి సేత్తాను? నాచు గీకుతాను. సిన్న గుల్లల్ని ఏట్లో వొగ్గేసి, సంద్రం ఒడ్డు నుంచి పెద్దవి తెచ్చి పెట్టెలో ఎడతాను."

ప్రవల్లిక తలెత్తింది. "చిన్నవాటిని ఎందుకు వదిలేస్తారు?"

"ఏటమ్మా అలగంతావు! పిల్లగుల్లని బుట్టలో ఉంచితే పాపం కాదా? గుల్లలేరడం నేర్పిననాడే మాయమ్మ సెప్పిన మాట."

ప్రవల్లిక ఏటి అడుగున చెయ్యి పెట్టి చింతగింజంత గుల్లని తీసింది. "చిప్ప మీద ఏడాదికో గీత పడుతుంది. లెక్కపెట్టండి."

మసేనమ్మ గోటితో ఒక్కో గీతా తడిమింది. ఆరు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"ఇది నా మనవరాలికన్నా పెద్దది," అంది. ఎదగలేకపోయినవాటిని పసివనుకుని ఇన్నాళ్లూ వదిలేసింది. కొత్తగా తెచ్చినవి విషం పట్టేలోపు కొన్నాళ్లు ఎదిగేవి, అందుకే దీపం పచ్చగా వెలిగింది. ఆమెకి తనమీద తనకే అసహ్యం వేసింది.

ప్రవల్లికకి జాలేసింది. "యంత్రం లోపమని రాస్తాను. ఊళ్లో మీ మీదికి మాట రాదు."

"వొద్దు. అలగ రాత్తే యెంతరం మారుత్తారు, నాలాటోలు మారరు. నా పేరే రాయి."

ఆ సాయంత్రమే ఆమె ఏటి అడుగు నుంచి ఏరి తెచ్చిన చిన్న గుల్లలు నూరూ పెట్టెలోకి వెళ్లాయి. మర్నాడు దీపం ఎర్రగా వెలిగింది. వలలు భుజాన వేసుకున్నవాళ్లు రేవులోనే ఆగిపోయారు.

"ఎవులు సేసినారిది? మా నోటికాడ కూడు తీసేసినారు!" అని ఎవరో అరిచారు.

"నానే. ఇన్నేళ్లూ తప్పు సేసిందీ నానే," అంది మసేనమ్మ, అందరికీ వినబడేలా. ఎవరూ ఆమెకి దారివ్వలేదు. తనే తోసుకుని ఒడ్డెక్కింది.

ప్రవల్లిక వెంటపడింది. "ఎక్కడికమ్మా?"

మసేనమ్మ ఖాళీ బుట్ట నడుముకి ఆనించి, తీరం వెంబడి చెయ్యి చూపించింది. పక్క రేవులో దీపం పచ్చగా వెలుగుతోంది.

"అక్కడి గుల్లల్ని మా సెల్లి సాకుతాది," అంది. "దానికీ నేర్పింది మాయమ్మే."