చేతులు వెనక్కి

"మాస్టారూ, ముందు మీ చేతులు వెనక్కి కట్టుకోండి."

బడి వర్క్‌షాపు గదిలో అడుగుపెట్టిన మొదటిరోజు, పలకరింపులైనా పూర్తికాకముందే ఆ అమ్మాయి అన్న మాట ఇది. అన్నది అల్లరి పిల్లల్ని కాదు, ఆ గదికి రాజూ మంత్రీ తానే అనుకునే క్రాఫ్ట్ మాస్టారిని. ఎనిమిదో తరగతి మొత్తం కిసుక్కున నవ్వింది.

తప్పు అతని దగ్గరా ఉంది. ఒక కుర్రాడు చెక్కని వంకరగా కోస్తున్నాడని వాడి చేతిలో రంపం లాక్కుని తానే కొయ్యడం మొదలుపెట్టాడు. వంకర కనిపిస్తే అతనికి కాలూ చెయ్యీ ఆడవు. గోడమీద క్యాలెండరు ఒరిగితే తింటున్న భోజనం వదిలి లేచి సరిచేసే రకం. బల్లల మూలలు సరిచూసే ఇనప పనిముట్టు ఒకటి ఎప్పుడూ అతని జేబులో ఉంటుంది. దాని పేరే పిల్లలు అతనికి పెట్టారు, మూలమట్టం అని.

ఆ అమ్మాయి డిజైనర్. నడవలేనివాళ్ళకి చేతికర్రలూ చక్రాల కుర్చీలూ తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం బడికి వచ్చి, పిల్లలకు తట్టిన ఆలోచనల్ని పిల్లల చేతులతోనే వస్తువులుగా చేయించడానికి ఒప్పుకుంది. ఆమె ఒకచోట నిలబడగా చూసినవాళ్ళు లేరు. నడుస్తూ మాట్లాడుతుంది, మాట్లాడుతూ బోర్డు మీద గీస్తుంది, గీస్తూ సుద్దముక్కలు విరగ్గొడుతుంది. వారం తిరక్కుండానే సుడిగాలి మేడం అయిపోయింది.

ఆమెకు రెండే నియమాలు. ఒకటి, పిల్లల పనిమీద పెద్దవాళ్ళ చెయ్యి పడకూడదు. చూడొచ్చు, అడగొచ్చు, లోపల్లోపల ఏడవొచ్చు కూడా, ముట్టుకోవడం మాత్రం కుదరదు. రెండు, మొదటి నమూనా ఎంత అందవికారంగా ఉన్నా అందరి ముందూ పెట్టాల్సిందే.

"ముందే కొలిచి చేస్తే చెక్క పాడవదు కదా మేడం," అన్నాడు అతను, వీలైనంత మర్యాదగా.

"పాడవనివ్వండి. మొదటి నమూనా వంకరగానే ఉంటుంది. దాన్ని దాచుకునేవాళ్ళు రెండోది చెయ్యలేరు."

అరికాలి మంట నెత్తికెక్కింది అతనికి. అయినా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. పిల్లలు చూస్తున్నారు మరి.

ఆ సాయంత్రం ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. చెక్క విలువ తెలియదన్నాడు, మేకు పట్టుకోవడం నేర్పకుండా డిజైన్ ఏమిటన్నాడు. అన్నయ్య ఇల్లు చేరేది రాత్రికే, వినడానికి వదిన తప్ప ఎవరూ లేరు. వదిన అదే బడిలో లైబ్రేరియన్. నడుంనొప్పి మనిషి, వీపు వెనక దిండు పెట్టుకుని కూర్చుని మరిది గారి ఆవేశాన్ని హాయిగా చూస్తుంది. మూడో వారానికి ఆవిడకి ఒక సంగతి అర్థమైంది. తిట్టడానికే అయినా మరిది రోజూ ఆ అమ్మాయి ఊసే ఎత్తుతున్నాడు. పైగా బుధవారాలు ఇస్త్రీ చొక్కా వేస్తున్నాడు.

"శుక్రవారం చొక్కా కూడా ఇస్త్రీ చేయించమంటావా?" అని ఒకరోజు అడిగింది. అతను వినపడనట్టు వెళ్ళి క్యాలెండరు సరిచేశాడు. అది తిన్నగానే ఉంది.

ఇంతలో పిల్లలు బడంతా తిరిగి, ఎవరికి ఏ పని కష్టంగా ఉందో అడిగి వచ్చారు. చివరికి వాళ్ళ కళ్ళు వదిన నడుం మీద పడ్డాయి. పుస్తకాల కట్టలు కింది గదిలోంచి లైబ్రరీకి మొయ్యాలి, మధ్యలో మెట్లున్నాయి. మెట్లెక్కే బండి చేస్తామన్నారు. రెండు పక్కలా మూడేసి చిన్న చక్రాలు త్రిభుజంలా బిగిస్తారు. మెట్టు తగలగానే ఆ త్రిభుజం పల్టీ కొట్టి పైకెక్కుతుంది. పైన పుస్తకాల పెట్టె. ప్రతిదానికీ ఎందుకు అని అడిగి అందర్నీ విసిగించే ఒక పిల్ల ఉంది, ఎందుకమ్మ అంటారు. బండికి నాయకురాలు ఆ పిల్లే.

అప్పుడే హెడ్మిస్ట్రెస్ గదిలోకి వచ్చి, ఆవిడ అలవాటు ప్రకారం, కూర్చోకుండా నిలబడే మాట్లాడి వెళ్ళిపోయింది. పదో తరగతి తల్లిదండ్రులు పరీక్షల కోచింగ్‌కి ఒక గది కావాలంటున్నారట. ఈ చెక్కాముక్కా పనివల్ల పిల్లలకు ఏం ఒరిగిందో టర్ము చివరి రోజున తను కళ్ళారా చూస్తుందట. బండి మెట్లెక్కితే వర్క్‌షాపు గది ఉంటుంది, లేకపోతే కోచింగ్‌కి పోతుంది.

గది పోతే బుధవారాలు పోతాయి. శుక్రవారాలూ పోతాయి. ఆ ముక్క అర్థమయ్యాక మూలమట్టానికి నిద్రా తిండీ సరిగ్గా లేవు. మంగళవారం మధ్యాహ్నం కూడా గుమ్మం వైపు చూడటం మొదలుపెట్టాడు. ఆమె రాని రోజున వర్క్‌షాపులో ఉలులు రెండుసార్లు నూరుతున్నాడు. ఆమె వచ్చిన రోజున మాత్రం ఎక్కడివక్కడ వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకుని బుద్ధిమంతుడిలా నిలబడుతున్నాడు. ప్రేమంటే ఇదేనని నేను చెప్పనక్కర్లేదు, ఎనిమిదో తరగతి మొత్తానికి తెలిసిపోయింది.

ఒక శుక్రవారం క్లాసు అయ్యాక వాన పట్టుకుంది. రేకుల కప్పు మీద ఆ మోతకి పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని పరుగెత్తారు. వరండాలో ఇద్దరే మిగిలారు. ఆమె గొడుగు తెరిచింది. ఒక ఊచ ఊడి వేలాడుతోంది, గుడ్డ ఒకపక్కకి జారిపోయింది.

ఇంతకంటే మంచి అవకాశం మళ్ళీ రాదని అతనికి తెలుసు. ఆమె కూడా వెళ్ళే తొందరేమీ చూపించలేదు. సుడిగాలి మేడం స్తంభానికి ఆనుకుని, ఎప్పుడూ లేనిది, కదలకుండా నిలబడింది. వాన తుంపర ఆమె ముంగురుల మీద పడుతోంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"గొడుగు ఇలా ఇవ్వండి," అన్నాడు.

సన్నని తీగ తెచ్చి, ఊచ బిగించి, తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసేసరికి వాన వెలిసింది. ఆమె గొడుగు వంకా అతని వంకా ఒకసారి చూసి, థాంక్స్ మాస్టారూ అని చరచరా వెళ్ళిపోయింది. ఆ నడకలో కోపం ఎందుకుందో అతనికి అంతుపట్టలేదు.

చివరి రోజు దగ్గరపడింది. బండి తయారైంది గానీ, ఇరుసు దూర్చే బెజ్జం ఒకపక్క కాస్త కిందికి పడింది. బండి ఎడమవైపు ఒరిగింది. పెద్దగా కాదు, మామూలు కంటికి కనపడదు. కానీ చూస్తున్నది మూలమట్టం. ఆ ఒరుగు కంట్లో నలుసులా పట్టుకుంది. పుస్తకాలు ఎడమవైపు జారిపోవడం, హెడ్మిస్ట్రెస్ తల అడ్డంగా ఊపడం, ఖాళీ బుధవారాలు అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. ఇంటికెళ్ళి వదిన దగ్గర వెళ్ళబోసుకున్నాడు.

"బండి ఎక్కేది నా పుస్తకాలు, చేసింది పిల్లలు. వాళ్ళకి లేని బాధ నీకెందుకయ్యా? కందకు లేని దురద కత్తిపీటకా?" అంది వదిన. "ఆ ఒరుగు సంగతి ఆ అమ్మాయినే అడగరాదూ? ఆ వంకనైనా మాట్లాడినట్టుంటుంది."

అతను అడగలేదు. మర్నాడు, టర్ము చివరి రోజున, అందరికంటే ముందు బడికి వెళ్ళాడు. పుస్తకాల పెట్టె బండి మీద లేదు, పిల్లలు రంగు వేసి ఆరడానికి కిటికీలో పెట్టారు. ఇదీ మంచిదే అనుకుని బండిని తిరగేశాడు, పాత బెజ్జం పూడ్చి, సరైన చోట కొత్త బెజ్జం వేశాడు. తిప్పి నిలబెట్టి రసమట్టం పెట్టి చూశాడు. గాజుగొట్టంలో నీటిబుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. చాలా రోజుల తర్వాత అతని గుండె కూడా నిలకడగా కొట్టుకుంది.

కాసేపటికి పిల్లలు వచ్చి హడావుడిగా పెట్టె బిగించారు. హెడ్మిస్ట్రెస్ అనుకున్న సమయం కంటే ముందే వచ్చేసింది. వదిన పుస్తకాల కట్టలు అందించింది. బండి మొదటి మెట్టు ఎక్కింది. చక్రాల త్రిభుజం పల్టీ కొట్టింది, పిల్లలు ఊపిరి బిగబట్టారు. రెండో మెట్టు దగ్గర పెట్టె కుడివైపు ఒరిగి, పుస్తకాలన్నీ జారి సరాసరి హెడ్మిస్ట్రెస్ పాదాల మీద పడ్డాయి.

ఎందుకమ్మ వెంటనే బండి కిందికి దూరి, వేలితో తడిమి చూసింది.

"ఈ బెజ్జం మేం వేసింది కాదు," అంది. "మాది ఇంత గుండ్రంగా ఉండదు."

అందరి తలలూ ఒకేసారి మూలమట్టం వైపు తిరిగాయి. తేలు కుట్టిన దొంగలా ఊరుకోవచ్చు. ఊరుకుంటే పిల్లల బండిలోనే లోపమని తేలిపోతుంది. అతను ముందుకు వచ్చాడు.

"నేనే వేశాను. బండి ఒరిగిందని పొద్దున్నే వచ్చి సరిచేశాను. పిల్లల తప్పు లేదు."

"ఒరిగిందని మాకు తెలుసు సార్," అంది ఆ పిల్ల. "అందుకే పెట్టె కింద ఎడమవైపు చెక్కముక్క కొట్టాం, సమంగా నిలబడాలని. మీరు బండి తిన్నగా చేశారు కాబట్టి ఇప్పుడు ఆ చెక్క వల్లే కుడివైపు ఒరిగింది. ఒక్కసారి అడిగితే చెప్పేవాళ్ళం కదా సార్."

పిల్ల గొంతులో కోపం కూడా లేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. సుడిగాలి మేడం వంక చూసే ధైర్యం చాల్లేదు.

పిల్లలు పెట్టె చుట్టూ చేరారు. చెక్కముక్క పీకెయ్యాలని కొందరు, కుడివైపు ఇంకోటి కొట్టాలని కొందరు వాదులాడుకున్నారు. చెక్కముక్క మేకులు రావడం లేదు. ఎలా పట్టుకుంటే వస్తాయో అతనికి తెలుసు. వేళ్ళు తహతహలాడాయి. చేతులు వెనక్కి పెట్టి, ఒక చేత్తో రెండో చేతి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. హెడ్మిస్ట్రెస్ కాళ్ళ మీద పుస్తకాలు అలాగే ఉంచుకుని, కదలకుండా ఆ వాదన అంతా విన్నది. చివరికి ఒక పిల్లాడు స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తాడు, చెక్క ఊడింది. ఆవిడ వంగి పుస్తకాలు తానే పెట్టెలో సర్ది, ఊ, తొయ్యండి అంది.

బండి మెట్లన్నీ ఎక్కి లైబ్రరీ గుమ్మంలో ఆగింది.

కోచింగ్ భోజనాల గదిలో పెట్టుకుంటాం అని చెప్పి హెడ్మిస్ట్రెస్ వెళ్ళిపోయింది. పిల్లల కేకలకి రేకుల కప్పు అదిరింది.

సాయంత్రం ఆమె వర్క్‌షాపులో ఒంటరిగా పనిముట్లు సర్దుతోంది. అతను గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలియక ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టాడు.

"ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది," అంది ఆమె తలెత్తకుండా. "మీరు ఏదీ అడగరు మాస్టారూ. వంకర కనిపిస్తే చాలు, బాగుచేసేస్తారు. ఎదుటివాళ్ళు ఏం అనుకుంటున్నారో మీకు అక్కర్లేదు."

"అడుగుదామనే వచ్చాను."

ఆమె చేతిలో సుత్తి పక్కన పెట్టింది. బల్లకి ఆనుకుని, మెల్లగా రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. అంటే సాయం చెయ్యదన్నమాట.

"ఇది మొదటి నమూనా. వంకరగా ఉంటుంది," అన్నాడు.

ఆమె తలెత్తి అతని వంక చూసింది.

"మీరు రాని రోజున నా చేతులకు ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఉలులన్నీ నూరి నూరి సగం అరగదీశాను. గది పోతుందని కాదు, మీరు రారని భయపడ్డాను. అందుకే ఆ బెజ్జం వేశాను. పిల్లల కోసం అని నాకు నేనే అబద్ధం చెప్పుకున్నాను." అక్కడ ఆగాడు. ఆమె మాట అందివ్వలేదు. మళ్ళీ తానే మొదలుపెట్టాడు. "మీరంటే నాకు ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఇంత పెద్ద ప్రశ్న అడిగిన మనిషి వెంటనే జేబులో ఇనప మూలమట్టాన్ని తడుముకున్నాడు. పాపం, ఆధారం కావాలి కదా.

"ఆ రోజు గొడుగు పాడవలేదు," అంది ఆమె. "ఊచ నేనే ఊడదీశాను. గొడుగు లేకపోతే వాన తగ్గేదాకా మీరేమైనా మాట్లాడతారేమో అనుకున్నాను. మీరు తీగ వెతకడానికి వెళ్ళారు."

అతని చెయ్యి జేబులోంచి దానంతట అదే వీపు వెనక్కి వెళ్ళిపోయింది.

వెనకనుంచి చక్రాల చప్పుడైంది. ఖాళీ బండి తోసుకుంటూ వదిన. ఎంతసేపటినుంచి అక్కడుందో ఆవిడకే తెలియాలి.

"మీ అన్నయ్యతో నేను మాట్లాడతాను. నువ్వు అందులో వేలు పెట్టకు," అని మరిదితో చెప్పి, ఆ అమ్మాయిని చూసి నవ్వింది. "మీ ఇంట్లో ఎప్పుడు కుదురుతుందో చెప్పమ్మా, మేమే వస్తాం." బండి తిప్పుకుని, నడుం నిటారుగా పెట్టి వెళ్ళిపోయింది.

ఆమె బల్ల దగ్గరనుంచి కదిలి అతని ఎదురుగా వచ్చింది, చెయ్యి చాచింది. అతను ఇంకా వెనక్కి కట్టుకున్న చేతులతోనే బిగుసుకుపోయి ఉన్నాడు.

"మాస్టారూ," అంది, "ఇక చేతులు ముందుకు తియ్యొచ్చు."