చాప కింద రెండో తల

లగీ మెట్లెక్కి లోపలికి వచ్చేసరికి మసీనా పాత తీర్పుల కట్ట ముందేసుకుని పనికేకే అనే వేయించిన తీపి ఉండలు నములుతోంది. లగీ నోరు తెరవకముందే ఏడుపు మొదలుపెట్టింది.

"ముందు కూర్చో. ఏడుపు కోర్టులో చెల్లదు, నా దగ్గరా చెల్లదు. ఎవరు పోయారు, ఎవర్ని పట్టుకున్నారు?"

"మా ఆయన్ని పట్టుకున్నారక్కా. ఫలానికోని. మంగళవారం విచారణ. పదేళ్ళు శిక్ష పడుతుందంటున్నారు."

మసీనా సమోవా రాజధాని అపియా కోర్టులో ఇరవై రెండేళ్ళు టైపిస్టుగా చేసింది. వేలమంది సాక్షుల మాటలు టైపు కొట్టి కొట్టి, ఏ సాక్ష్యం నిలుస్తుందో ఏది కూలుతుందో వకీళ్ళ కంటే బాగా నేర్చుకుంది. ఒకసారి ఓ జడ్జి నిజం చెప్పిన సాక్షి మాటని రికార్డులోంచి తీసేయమంటే, టైపు మిషను మీద గుడ్డ కప్పి ఇంటికొచ్చేసింది. అప్పటినుంచీ దర్జీ కొట్టు పైగదిలో ప్రైవేటు డిటెక్టివు. ఆమె వెంట ఉండేది పెసమినో. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి వదిలేసిన మనిషి. మసీనా తుమ్మినా అందులో ఏదో తెలివి ఉందని నమ్ముతాడు.

లగీ చెప్పింది ఇదీ. ఫలానికో మేనమామ తోఫియా వాళ్ళ వంశపెద్ద. ఆయన కళ్ళకు శుక్లాలు పట్టి రెండేళ్ళ కింద లైసెన్సు పోయింది. బండి ఆయనది, నడిపేది ఫలానికో. పోయిన నెల ఒక మంగళవారం రాత్రి, కొండమీద తోటలో ఒంటరిగా ఉండే పెనితోవా అనే ముసలాయన దారి పక్క గుంటలో శవమై దొరికాడు. సాయంత్రం ఏడింటికి ఫలానికో ఆ దారినే బండి నడుపుకుంటూ పోవడం కొట్టువాడు చూశాడు. దారిలో పగిలిన దీపం గాజుముక్కలు ఆ బండివే. మర్నాడు తెల్లవారుజామున తోఫియా వంశంలో తరతరాలుగా దాచుకున్న సన్నటి అల్లిక చాప నెత్తిన కప్పుకుని పెనితోవా కూతురి ఇంటిముందు మోకరించాడు. ఇఫోగా. వంశంలో ఎవరు తప్పు చేసినా పెద్ద వెళ్ళి క్షమించమని తల వంచడం. పక్కన అదే చాప కింద ఫలానికోని కూర్చోబెట్టాడు.

"పోలీసులు అదే పట్టుకున్నారక్కా. నేరం చెయ్యనోడు చాప కింద ఎందుకు కూర్చుంటాడు, అది ఒప్పుకోవడమే అంటున్నారు."

మసీనా చేతిలోని పనికేకే బల్ల మీద కొట్టింది.

"ఎవడన్నాడు ఆ మాట? సమోవా గడ్డ మీద పుట్టినోడేనా వాడు?"

*

జైల్లో ఫలానికో నేల చూపులు చూస్తూ జవాబు చెప్పాడు. చెప్పాడనేకంటే ఔనన్నాడు అనాలి.

"బండి నడిపావా?"

"ఔనక్కా."

"చాప కింద కూర్చున్నావా?"

"ఔను."

"ముసలాయన్ని గుద్దావా?"

ఫలానికో తలెత్తలేదు. "మామ కూర్చోమన్నాడు."

"నేనడిగింది అది కాదు!"

"ఎవర్నీ గుద్దలేదక్కా. పోలీసులు ఆ ప్రశ్నే అడగలేదు. నడిపావా, కూర్చున్నావా, అంతే. ఆరోజు పొద్దున్నుంచీ నేను రేవులో ఉన్నా, ఆరింటిదాకా పెట్టెలు దించి గేటు పుస్తకంలో సంతకం పెట్టి వచ్చా. మామ పిలిచి తాళం ఇచ్చి రొట్టె తెమ్మన్నాడు. దీపం అప్పటికే పగిలుంది. అడిగితే, స్తంభానికి తగిలిందిలే అన్నాడు."

"తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

"మామ లుంగీ ముడిలో. నాకు కావాలంటే అడిగి తీసుకోవాలి."

"మరి ఇదంతా జడ్జికి చెప్పొచ్చుగా?"

"మామ మీదకి పోతుంది కదక్కా."

బయటికొచ్చాక మసీనా జైలు గోడని ఓ తన్ను తన్నింది. "ఈ లొంగుబాటుని సేవ అని పేరుపెట్టి నెత్తిన పెట్టుకుంటాం మనం! పెద్దవాళ్ళు కూర్చోమంటే కూర్చోవడమే, ఉరితాడు కిందైనా!"

"కాలు నొప్పెట్టలేదా అక్కా?" అన్నాడు పెసమినో.

"నోర్ముయ్."

స్టేషన్లో సార్జెంటు ఫోటోలు చూపించడానికి నసిగాడు. ఫలానికో తరఫు వకీలు లోయిమాతా రాసిచ్చిన కాగితం ముఖాన పెట్టాక చూపించాడు. గుంటలో పెనితోవా పక్కకి ఒరిగి ఉన్నాడు. మోచేతి కింద ఏదో పెద్దది నలిగి ఉంది.

"ఇదేంటి?"

"చెత్త. చామాకు."

"కాడ ఆయన పిడికిట్లో ఉంది. మీ సాక్ష్యాల జాబితాలో ఏదీ?"

"ఆకుని కూడా సాక్ష్యం అంటారా మేడమ్? ఊరంతా చామాకులే. అయినా కేసు తేలిపోయింది, వాడు చాప కింద కూర్చున్నాడుగా."

మసీనా బల్ల మీదకి వంగింది. "నీ తమ్ముడు తాగి కొట్టుకున్నప్పుడల్లా మీ నాన్న ఎన్ని ఇళ్ళ ముందు కూర్చున్నాడ్రా? మూడా, నాలుగా? అన్ని తలలూ మీ నాన్నే పగలగొట్టాడా?"

సార్జెంటు చెవులు ఎర్రబడ్డాయి. పక్క గదిలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

మెట్లు దిగుతూ ఆమె అడిగింది. "పెసమినో, ఆ మంగళవారం వాన పడిందా?"

"అసలు పడలేదక్కా. అంతకు ముందు పదకొండు రోజులు చినుకు లేదు. నీళ్ళ తొట్లు ఎండి మా ఆవిడ నన్ను తిట్టడం నాకు బాగా గుర్తు."

తర్వాత వాళ్ళు పెనితోవా కూతురు ఉపుతావా ఇంటికి వెళ్ళారు. ఆమె కోకో పోసి ఇచ్చింది, కానీ మొహం గట్టిగానే పెట్టుకుంది.

"చాప ఎత్తింది నేనే. క్షమించాను. ఇంకేం కావాలి నానుంచి?"

"ఎవర్ని క్షమించావు?"

"ఆ కుర్రాడినే. తోఫియా అంతటి పెద్దమనిషి నేల మీద ఏడుస్తుంటే నా గుండె నీరైంది. అదేం మామూలు చాప కాదు. ఆ వారం సోమవారమేగా, సవాయి దీవిలో పెళ్ళింట్లో వాళ్ళక్క ఫెతువావో దాన్ని పరిచి అందరికీ చూపించి మడిచి అక్కడే తన ఇంటికి పట్టుకెళ్ళింది! అంత పెద్ద చాప నా గుమ్మంలో పెడితే కాదంటానా?"

మసీనా కోకో గ్లాసు పక్కన పెట్టేసింది.

"పెసమినో, సవాయి నుంచి పడవలెప్పుడు?"

"రేవులో ముప్ఫై ఏళ్ళు జనాన్ని ఎక్కించుకున్నా, నన్నడుగుతావా! సాయంత్రం నాలుక్కి ఆఖరిది. మర్నాడు ఆరింటికి మొదటిది. అది ఇటు చేరేసరికి ఎండెక్కుతుంది."

"ఇఫోగా ఎప్పుడు జరిగింది, ఉపుతావా?"

"ఇంకా కోడి కూయలేదు."

*

మర్నాడు మసీనా సవాయి వెళ్ళి ఫెతువావోని కలిసింది. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా కూర్చుంది.

"నా తమ్ముడి ఇంటి విషయాలు ఊళ్ళు తిరిగే ఆడదానికి చెప్పను" అంది.

"చెప్పకండి పెద్దమ్మా. ఆదివారం ఉపుతావా ఇంటికి వచ్చి వినండి చాలు. మీ చాపని ఏ పనికి వాడారో వినండి."

వకీలు లోయిమాతా మాత్రం నెత్తి కొట్టుకుంది. "అక్కా, నువ్వు ఊహించింది జడ్జి వినడు. అది నీ అభిప్రాయం. ఎవరో చెప్పగా విన్నానంటే అసలు వినడు. కళ్ళతో చూసినవాళ్ళు, చెవులతో విన్నవాళ్ళు బోనెక్కాలి."

"తెలుసు. ఇరవై రెండేళ్ళు ఆ గోల నేనే టైపు కొట్టా. అందుకే ఆదివారం అందర్నీ కూర్చోబెడుతున్నా."

ఆదివారం చర్చి అయ్యాక, భోజనాలయ్యాక, ఉపుతావా ఇంట్లో స్తంభానికొకరు చేరగిలబడ్డారు. తోఫియా మంచి తెల్ల చొక్కా వేసుకుని గౌరవ స్థానంలో కూర్చున్నాడు. వచ్చే నెల చర్చి పెద్దల మండలికి అధ్యక్షుడు కాబోతున్నాడు. ఫెతువావో ఎదురుగా. లగీ ఓ మూల. సార్జెంటు రానన్నాడు, కానీ వచ్చాడు.

"ఇక్కడ జడ్జి లేడు. నేను మాట్లాడుతుంటే అడ్డుపడే వకీలూ లేడు" అంది మసీనా. "కాబట్టి తిన్నగా చెప్తా. పెనితోవా ఏడింటికి చనిపోలేదు. మధ్యాహ్నం చనిపోయాడు."

సార్జెంటు గొణిగాడు. "ఎలా చెప్తారు?"

"నువ్వు చెత్త అన్నావే, ఆ ఆకు చెప్పింది. చామాకు నెత్తిన ఎందుకు పట్టుకుంటాం? వానకి, లేదంటే ఎండకి. వాన లేదు. ఏడింటికి సూర్యుడు సముద్రంలో మునిగి చాలాసేపైంది. ఆ ముసలాయన చీకట్లో ఎవరికి గొడుగు పట్టాడు? ఎండ మాడ్చేస్తుంటే కొండ దిగి కూతురింటికి బయల్దేరాడు. ఆ ఎండలోనే పోయాడు. ఒంటరివాడు కాబట్టి ఎవరూ వెతకలేదు."

ఉపుతావా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇక చాప. సోమవారం సవాయిలో ఉంది. బుధవారం తెల్లారకముందే ఇక్కడుంది. అంటే మంగళవారం నాలుగింటి పడవ దాటకుండా బయల్దేరాలి. ఏడింటికి చావబోయే మనిషి కోసం నాలుగింటికే క్షమాపణ పడవెక్కిందా? మధ్యాహ్నమే ఒకరికి తెలుసు మనిషి పోయాడని. ఆ మధ్యాహ్నం ఫలానికో రేవులో పెట్టెలు దించుతున్నాడు. గేటు పుస్తకంలో సంతకం ఉంది. బండి తాళం ఎవరి లుంగీ ముడిలో ఉందో ఇక్కడ అందరికీ తెలుసు."

అందరి కళ్ళూ తోఫియా లుంగీ ముడి వైపు తిరిగాయి.

తోఫియా నవ్వాడు. "నాకు కళ్ళే సరిగా కనబడవమ్మా."

"అందుకేగా గుద్దారు! లైసెన్సు లేదు, చూపు లేదు, వచ్చే నెల పదవి మాత్రం కావాలి. రొట్టె నెపంతో కుర్రాడికి తాళం ఇచ్చారు, నలుగురూ చూడాలని. మర్నాడు చాప కింద మీరు ఏడ్చిన ఏడుపు నిజమే, అందులో నాకు అనుమానం లేదు. మీ తప్పుకి మీరే ఏడ్చారు. పక్కన ఇంకో తల పెట్టి ఏడ్చారు!"

"ఇదంతా కోర్టులో ఒక్క ముక్క చెల్లదు" అన్నాడు తోఫియా, చాలా మెల్లిగా. "నీకు తెలుసు."

"నేను చెబితే చెల్లదు."

అప్పుడు ఫెతువావో గొంతు విప్పింది. సమోవాలో అక్క మాట్లాడుతుంటే తమ్ముడు, ఎంత పెద్ద పదవిలో ఉన్నా, ఎదురు చెప్పడు.

"మంగళవారం పన్నెండున్నరకి ఫోన్ చేశావు. చాప పంపు, పడవ దాటిపోకూడదు అన్నావు. ఎందుకని నేనడగలేదు. నీ మీద గౌరవంతో. చచ్చిపోయిన మన చెల్లెలి కొడుకు వాడు, తోఫియా. నా చేతులతో మడిచిన చాప కింద వాడి తల దూర్చావా?"

తోఫియా చొక్కా గుండీ ఒకటి విప్పుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

*

మంగళవారం ఫెతువావో బోనెక్కింది. లోయిమాతా ఫోన్ మాట అడగ్గానే ప్రభుత్వ వకీలు ఎగిరి లేచాడు.

"అభ్యంతరం! బయట ఎవరో అన్న మాట. వినికిడి సాక్ష్యం!"

లోయిమాతా తడబడలేదు. "ఆ మాట నిజమా అబద్ధమా అని మేము నిరూపించడం లేదు. చాప పంపు అనేది అసలు నిజమో అబద్ధమో అయ్యే మాటే కాదు. అది ఆజ్ఞ. ఆ ఆజ్ఞ పన్నెండున్నరకి ఆమె చెవిన పడిందన్నదే మా సాక్ష్యం. విన్న మనిషి ఇక్కడే ఉంది, అడగండి."

జడ్జి చాలాసేపు రాసుకున్నాడు. "అనుమతిస్తున్నాను."

ప్రభుత్వ వకీలు అడిగాడు, ఫెతువావో అన్నిటికీ ఒకే గొంతుతో చెప్పింది. చివర్లో వెనక బెంచీల వైపు చూసి, "లే" అంది.

తోఫియా లేచాడు. జడ్జి వెంటనే చెయ్యి ఎత్తాడు.

"పెద్దాయనా, ఆగండి. మీరు ఏమీ చెప్పనక్కర్లేదు. చెబితే అది మీకే వ్యతిరేకంగా వాడొచ్చు. ముందు వకీలుతో మాట్లాడే హక్కు మీకుంది."

మసీనా కూర్చున్నచోటే బుసకొట్టింది. కోర్టంతా వినబడింది. "ఆ మాట స్టేషన్లో ఆ కుర్రాడికి ఒక్కడైనా చెప్పాడా?"

బంట్రోతు కళ్ళెర్రజేశాడు. జడ్జి మాత్రం సార్జెంటు వైపు తిరిగాడు. "చెప్పారా?"

సార్జెంటు టోపీ వైపు చూసుకున్నాడు.

"బండి నడిపింది నేనే" అన్నాడు తోఫియా, అక్కని చూస్తూ.

ఒకరి తరఫున వంశం తల వంచడం ఆ మనిషి నేరం ఒప్పుకోవడం కాదని, చాప కింద కూర్చున్న సంగతి సాక్ష్యంగా చెల్లదని జడ్జి రాశాడు. చాప పోతే కేసులో మిగిలింది గాజుముక్కలు, అవి రాలినప్పుడు ఫలానికో రేవులో ఉన్నట్టు గేటు పుస్తకం చెప్పింది. మధ్యాహ్నానికి ఫలానికోని వదిలేశారు.

సాయంత్రం ఫలానికో, లగీ రెండు బుట్టల సీమపనస మోసుకుంటూ మసీనా గదికి వచ్చారు. పెసమినో అప్పుడే ఒకటి కాల్చడం మొదలుపెట్టాడు. మెట్ల మీద అడుగులు వినిపించాయి. తోఫియా తరఫున మాట్లాడే పెద్దమనిషి, చేతికర్రతో సహా వచ్చాడు.

"ఫలానికో, మీ మామని జామీను మీద వదిలారు. రేపు తెల్లారి ఉపుతావా ఇంటిముందు మళ్ళీ కూర్చుంటాడు. ఈసారి తన తప్పుకే. చాప కోర్టు బీరువాలో ఉంది, ఒట్టి నెత్తితో కూర్చోవాలి. ఆవిడ ఈసారి ఎప్పుడు లెమ్మంటుందో తెలీదు. పక్కన వంశం ఉంటే బాగుంటుంది. నిన్ను రమ్మన్నాడు."

మసీనా నోరు తెరిచింది. పెసమినో ఆమె కాలు తొక్కాడు.

ఫలానికో నేలకేసి చూశాడు. తర్వాత తలెత్తాడు.

"రేపు నాకు రేవులో పనుంది" అన్నాడు. "రానని చెప్పండి."

పెద్దమనిషి చెవులు సరిగా పనిచేయనట్టు ఇంకోసారి అడిగాడు.

"రాను" అన్నాడు ఫలానికో.