నాడికట్టు

బుధగ్రహం నుంచి ఖనిజం మోసుకొచ్చే ఓడలకు ఆ రోజుల్లో ఇంజన్లు లేవు. వెలుగే వాటిని తోసేది. ఓడకు తెరచాపలా కట్టిన వెలుగుచాప ఊరంత వెడల్పు, ఉల్లిపొరకన్నా పల్చన. సూర్యకాంతి దానికి తగిలి వెనక్కి తుళ్ళేటప్పుడు ఇచ్చే తోపు చీమ తోపంతే. కానీ ఆగని తోపు. ఆపాలంటే చాప అంచును సూర్యుడివైపు తిప్పాలి.

తిప్పడానికి మీటలు లేవు. చాపవాడి ముంజేతికి నాడికట్టు ఉంటుంది. ఆపదలో మనిషి నోరు తడబడుతుంది గానీ ఒళ్ళు తడబడదని దాన్ని చేసినవాళ్ళ నమ్మకం. నరాల్లో పుట్టిన కోరికను కట్టు చదువుతుంది, చాప తిరుగుతుంది. అందుకే కోపమొస్తే చాపవాళ్ళు ముందు కట్టు విప్పి పక్కన పెట్టేవారు.

ఆ వేళ చాపకు పడ్డ చిరుగు అతకడానికి బయటికెళ్ళిన మసేను తాడు తెగింది. లోపల ఉన్నది అతని బావ ఎల్లాజీ ఒక్కడే. ఓడ మెల్లగా దూరమవుతోంది.

“బావా, సాప తిప్పినావా?” రేడియోలో మసేను. “తోపు ఆగితే సేతిజెట్టుతో అందుకుంటాను. దూరమైతే గ్యాసు సాలదు.”

“తిప్పతన్నాన్రా.”

చాప కదల్లేదు.

ఎల్లాజీ కట్టు బిగించాడు. తిరుగు, తిరుగు అని పైకే అన్నాడు. కాసేపు వెలుగు వదులుకున్నా ఓడ భూమికి వెళ్ళే దారి తప్పుతుంది. ఇంకో రెండేళ్ళు సూర్యుడి చుట్టూ తిరగాలి. ఆ సంగతి అతనికి తెలుసు. తెలియనట్టే ఉన్నాడు.

“కట్టు పాడైపోనాదేటి?” అని ఓడను అడిగాడు.

“బాగానే ఉందండి,” అంది ఓడ. “తిప్పమని మీ నోరే చెబుతోంది. చెయ్యి చెప్పడం లేదు.”

“బావా,” మసేను గొంతు సన్నబడింది. “నువ్వు మాత్రం ఏటి సేత్తావులే. నొప్పేటీ లేదని అక్కకి సెప్పు.”

ఎల్లాజీ మోకాళ్ళు ముడుచుకుని ఏడ్చాడు. అప్పుడు తిరిగింది చాప, చప్పుడు లేకుండా. కిటికీలో చాప వెలుగంతా జారిపోయింది.

“తిరిగినాది బావా, అవుపడతంది. వచ్చేత్తన్నాను.” మసేను నవ్వాడు. “ఇంతసేపూ ఎందుకు తిరగలేదో వచ్చినాక ఆ ఓడనే అడుగుతానుండు. దాని సెవి మెలేత్తాను.”

ఎల్లాజీ ఏడుపు ఆగిపోయింది. అడిగితే ఓడ ఏదీ దాచదు.

“రారా,” అన్నాడు. “బేగి రా.”

కిటికీలో మళ్ళీ చాప వెలుగు నిండసాగింది.