తరవాణి కుండకు ఒక నంబరు

ఆ రోజు పదకొండో రోగి వేలు యంత్రం ముందుకు వచ్చేసరికి ఎండ కిటికీ దాటింది. హేమసుందరి సూది గుచ్చి, రక్తపుబొట్టును పలక మీద అద్ది, వడపోత అంకె కోసం ఆగింది. ఉద్దానం తీరంలోని ఈ సోయాశాలలో ఆమె పని అదే. మూత్రపిండాలు ఎంత వడగడుతున్నాయో చూడాలి, పేగులోని జీవులు సోయాసారాన్ని మందుగా మార్చగలుగుతున్నాయో లేదో చూడాలి. మార్చగలిగినవాళ్లకు రోజుకో సోయాముద్ద. మార్చలేనివాళ్లకు తొమ్మిది నెలల గడువు, ఆ తర్వాత ముద్ద లేదు. ఉప్పునేలలో సోయా పండేదే కాస్త, ముద్ద కోసం ఎదురుచూసేవాళ్లు మూడు వందలమంది. ఎవరికివ్వాలో తేల్చేది త్రాసు అనే యంత్రబుద్ధి. దానికి మొహమాటం లేదు. మొహమాటమంతా హేమసుందరి వంతుకు వచ్చింది.

పదకొండో వేలు దాలమ్మది. జీడిపిక్కలు ఏరి ఏరి మొద్దుబారిన వేలు కావడంతో రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది.

"వడపోత ముప్పై ఎనిమిది. మార్పిడి గుణం శూన్యం. గడువు ముగిసింది. తొలగింపుకు వేలిముద్ర వేయండి" అంది త్రాసు.

"నా పేరు తీసీసినారా అమ్మా?" అంది దాలమ్మ. "మల్లీ అంకె జారిపోద్దా?"

"జారొచ్చు పిన్నీ" అంది హేమసుందరి, అబద్ధం చెప్పలేక.

కానీ ముద్ర వెయ్యలేదు. దాలమ్మ చేరిన రోజున కూడా అంకె ముప్పై ఎనిమిదే. అంతకుముందు ఏడాదిలోనే పదిహేను పడిపోయింది. ముద్ద పనిచెయ్యని ఒంట్లో ఆ జారుడు ఎలా ఆగినట్టు?

"అంకె ఎందుకు నిలబడింది?"

"యాదృచ్ఛికం" అంది త్రాసు. తెలియదు అనడానికి దానికి నామోషీ.

హేమసుందరి కుర్చీ దగ్గరకు లాక్కుంది. "పిన్నీ, ముద్ద ఎలాగ తింటన్నావు? దాయకుండా సెప్పు."

దాలమ్మ కొంగు సర్దుకుంది. "ఒట్టిది గొంతు దిగదమ్మా, పచ్చివాసన. తరవాణి కుండలో కలిపీసి, మర్నాడు పొద్దున్న ఆ పులిసిన నీల్లు తాగుతన్నాను. ఉప్పెయ్యలేదు, ఒట్టు. తప్పు సేసినానేటి?"

తప్పే. ముద్దను ఇచ్చింది ఇచ్చినట్టు గంటలోపు తినాలి. దేంట్లోనైనా కలిపినవాళ్ల పేరు ఆ రోజే పోతుంది. నిజం రాసినా తొలగింపే, రాయకపోయినా తొలగింపే. హేమసుందరికి ఒళ్లు మండింది. గంజి, బియ్యం కడిగిన నీళ్లు పోసి పులియబెట్టే ఆ కుండ ఒకప్పుడు ఇక్కడ ఇంటింటా ఉండేది. శుభ్రత పేరు చెప్పి దాన్ని బయట పారేయించింది తనలాంటివాళ్లే. పేగు చెయ్యలేని పని కుండ చేస్తోందేమో అని ఒక్కరికీ తోచలేదు.

"ఎల్లి ఒక గ్లాసుడు పట్టుకురా పిన్నీ. కుండ మాత్రం కడగొద్దు."

అరగంటలో స్టీలు గ్లాసు వచ్చింది. రోగి నంబరు లేని నమూనాను త్రాసు ముట్టదు. అందుకని హేమసుందరి కొత్త రోగి పత్రం తెరిచింది. పేరు దగ్గర తరవాణి కుండ అని కొట్టింది. వయసు దాలమ్మను అడిగి పద్నాలుగేళ్లని రాసింది. ఇంటి పెద్ద దాలమ్మ. నంబరు రాగానే గ్లాసులోని పులిసిన నీళ్ల చుక్కను పలక మీద వేసింది.

"మార్పిడి గుణం పూర్ణం. రోజుకో ముద్ద మంజూరు" అంది త్రాసు. అంటే ముద్ద కుండకు వెళ్తుంది, కుండలో నీళ్లు దాలమ్మ తాగుతుంది. అంతలోనే తెర ఎర్రబడింది. "ఈ రోగికి రక్త నమూనా లేదు. బాధ్యత ఎవరిది?"

ఉద్యోగం పోవచ్చు. హేమసుందరికి భయం వేసింది. అయినా ఇంటిపేరుతో సహా రాసింది, తామాడ హేమసుందరి అని. కారణం గడిలో ఇలా చేర్చింది: "ఒక్క గ్లాసుతో ఏదీ రుజువు కాదు. ఇలాంటి కుండల్ని పరీక్షించేదాకా ఈ శాలలో ఎవరినీ తొలగించను." దాని కింద వేలిముద్ర వేసింది.

అన్ని శాలలకూ త్రాసు ఒక్కటే; ఆ కారణాన్ని అన్నిటికీ వర్తింపజేసింది. తీరం పొడుగునా ఉన్న సోయాశాలల్లో తొలగింపు జాబితాలు ఒక్కొక్కటే ఆగిపోవడం తెర మీద కనిపించింది. ఆ తర్వాత, శాలకు వచ్చిన ఆరేళ్లలో ఎన్నడూ అడగనిది త్రాసు అడిగింది.

"ఇలాంటి కుండలు ఎన్ని ఉన్నాయి?"

"నీకూ తెలీదు, నాకూ తెలీదు" అంది హేమసుందరి. నమూనా సీసాల పెట్టె చంకన పెట్టుకుని, దాలమ్మను వెంటబెట్టుకుని, ఊళ్లో మొదటి ఇంటి తలుపు తట్టింది.